మీకు తెలుసా? వదలనంటే వదలని ప్రైమర్!

తూటా అడుగు భాగం ఎప్పుడైనా చూశారా? నడిమధ్యలో ఒక గుండ్రటి బిళ్ళ ఉంటుంది. అదే ప్రైమర్! తుపాకీలోని సూది కొట్టేది దాన్నే. నిప్పు పుట్టేది అక్కడే! 5.56 రైఫిల్ తూటాలో ఆ బిళ్ళ అడ్డుకొలత ఎంతో చెప్పనా? 4.45 మిల్లీమీటర్లు! మన పొలాల్లో పండే పెసరగింజంత! తూటా మొత్తాన్ని లేపేది అదే!

ఇంకా దగ్గరికి రండి, అసలు సంగతి ఇప్పుడు చెప్తా! సైన్యం వాడే తూటాలో ఆ బిళ్ళను ఊరికే దూర్చి వదిలేయరు. చుట్టూ ఉన్న ఇత్తడిని దాని అంచు మీదికి నొక్కేస్తారు! క్రింప్ అంటారు దీన్ని. కొన్ని తూటాలకు ఈ నొక్కు గుండ్రంగా ఉంగరంలా ఉంటుంది. కొన్నింటికి సరిగ్గా 3 చోట్ల ఉలితో పొడిచినట్టు గుర్తులుంటాయి! ఆ నొక్కు పడిందా, ప్రైమర్ ఇక కదలదు!

ఇంత గట్టిగా ఎందుకు బిగించాలి? మెషిన్ గన్ కోసం! ఎం249 లాంటి తుపాకీ నిమిషానికి 800 తూటాల దాకా కాలుస్తుంది. ఆ ఊపులో ఒక్క ప్రైమర్ ఊడి తుపాకీ లోపల పడిందనుకోండి. ట్రిగ్గర్ కింద ఇరుక్కుంటుంది. అంతే, తుపాకీ ఆగిపోతుంది! యుద్ధంలో తుపాకీ ఆగితే సైనికుడి గతేంటి? అందుకే ఆ నొక్కు! సన్నటి ఇత్తడి అంచు ఒక ప్రాణాన్ని కాపాడుతుంది!

కాల్చిన తూటాలో మిగిలే ఇత్తడి డొల్లను పారేయక్కర్లేదు, తెలుసా? పాత ప్రైమర్ తీసేసి, కొత్తది పెట్టి, కొత్త మందు, కొత్త బుల్లెట్ అమర్చుకోవచ్చు. దీన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఇది పెద్ద అలవాటు! అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు! అమ్మితే మాత్రం టైప్ 06 అనే లైసెన్సు తప్పనిసరి! టెక్సాస్‌లో స్థిరపడిన మనవాళ్ళలో ఎవరైనా ఈ అలవాటులో దిగితే, మొదట తగిలే చిక్కు ఈ నొక్కే!

మన దగ్గర మాత్రం జాగ్రత్త! అనుమతి లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 1959 నాటి ఆయుధాల చట్టాన్ని 2019లో మరింత బిగించారు. ఇప్పుడు కనీస శిక్ష ఎంతో తెలుసా? 7 ఏళ్ళు! జీవితఖైదు దాకా పోవచ్చు! కాబట్టి మన తిమ్మాజిపేటలో ఉన్నవాళ్ళు ఇది చదివి అబ్బురపడండి. చేతులు మాత్రం పెట్టకండి!

అయితే ఆ మొండి బిళ్ళను బయటికి తీసేదెలా? డొల్ల మూతి లోంచి సన్నటి ఉక్కు సూది దింపుతారు. అడుగున ఒక చిల్లు ఉంటుంది. ఆ చిల్లు లోంచి సూది దిగి ప్రైమర్‌ను వెనక నుంచి తోస్తుంది. టప్పుమని ఊడి పడుతుంది! ఆ చిల్లు వెడల్పు ఎంతనుకుంటున్నారు? దాదాపు 2 మిల్లీమీటర్లు! నిప్పురవ్వ మందును చేరేది ఆ దారిలోనే!

ఈ చిల్లుకి తాత ఎక్కడున్నాడో తెలుసా? మన హైదరాబాద్‌లో! అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అనే పేట ఉంది కదా. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ 1795లో ఫిరంగులు పోతపోయించాడు! ఫిరంగికీ వెనకభాగంలో ఇలాంటి చిల్లే! అక్కడ నిప్పు అంటిస్తేనే మోత! అప్పుడు మనిషి చేతిలో నిప్పు. ఇప్పుడు ప్రైమర్‌లో నిప్పు!

ప్రైమర్‌ను తోసే ఆ సూది ఒక్కోసారి విరుగుతుంది! ఎందుకంటారా? కొన్ని మేలురకం డొల్లల్లో చిల్లు మరీ చిన్నది. ఫిన్లాండ్‌లోని లపువా కంపెనీ గురిపోటీల కోసం చేసే కొన్ని డొల్లల్లో అది 1.5 మిల్లీమీటర్లే! మామూలు సూది అందులో దూరదు. బలవంతంగా దింపితే ఇరుక్కుపోతుంది, లేదంటే వంగి విరుగుతుంది! చిల్లు చూసి సూది వేయాలి. అర మిల్లీమీటరు తేడాకే ఇంత గొడవ!

ఇప్పుడు అసలైన ఆశ్చర్యం వినండి! పాత ప్రైమర్ ఊడటం పెద్ద కష్టం కాదు. కొత్తది లోపలికి పోకపోవడమే కష్టం! బిళ్ళ పోయినా నొక్కిన ఇత్తడి అంచు అలాగే లోపలికి పొడుచుకుని ఉంటుంది. కంటికి కనబడీ కనబడనంత అంచు! కొత్త ప్రైమర్ దానికి తగిలి ఒక పక్కకు వాలుతుంది. నొక్కితే నలుగుతుంది. ప్రైమర్ నలిగితే ఏమవుతుంది? చేతిలోనే పేలొచ్చు! ఎంత లోతులో కూచోవాలో తెలుసా? డొల్ల అడుగు మట్టం కంటే సుమారు 0.1 మిల్లీమీటరు లోపలికి! ఒక్క వెంట్రుక మందం! ఆ మట్టం దాటి పైకి ఉబికిందా, ప్రమాదమే!

ఆ అంచును వదిలించడానికి రెండు దారులు. రెండూ గమ్మత్తే! మొదటి దారి స్వేజింగ్. గుండ్రటి ఉక్కు మొన ఒకటి ఉంటుంది. దాన్ని ప్రైమర్ గుంటలోకి బలంగా తోస్తారు. లోపలికి వాలిన ఇత్తడి మళ్ళీ పక్కకు జరుగుతుంది. ఒక్క రవ్వ లోహం కూడా పోదు! డిల్లన్ అనే కంపెనీ ఈ పనికే ఒక పనిముట్టు అమ్ముతుంది. దాని పేరు సూపర్ స్వేజ్ 600! బల్లకు బిగించి, మీట లాగితే చాలు! డొల్ల లోపలి నుంచి ఒక కడ్డీ దాన్ని మోస్తుంది. అందువల్ల డొల్ల అంచు వంగిపోదు!

రెండో దారి గోకడం! చిన్న తురుముడు కత్తిని గుంట అంచున పెట్టి తిప్పుతారు. నొక్కిన ఇత్తడి సన్నటి పొట్టులా రాలుతుంది. చవకైన పద్ధతి! కానీ ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 2 తిప్పులు చాలుతాయి అన్నచోట పది తిప్పులు తిప్పారో, గుంట వదులైపోతుంది! వదులైన గుంటలో కొత్త ప్రైమర్ నిలవదు. దానిలోంచి నిప్పు వెనక్కి ఎగదన్నుతుంది! ఒకసారి పోయిన లోహం మళ్ళీ రాదు. అందుకే నా మాట అడిగితే, నెట్టడమే మేలు. గోకడం జాగ్రత్తగా చేసేవాళ్ళ పని!

పాత డొల్లను చూసి అది సైన్యానిదో కాదో చెప్పొచ్చు! అడుగున చెక్కిన గుర్తులు చదివితే చాలు. చుట్టూ గీత, లోపల కూడిక గుర్తు ఉందా? అది నాటో తూటా! ఎల్‌సీ అని ఉందా? అది అమెరికాలోని లేక్ సిటీ కర్మాగారంలో పుట్టింది. ఆ కర్మాగారం మొదలైంది 1941లో! ఇప్పటికీ నడుస్తోంది! ఇలాంటి గుర్తు కనిపిస్తే నొక్కు ఉంటుందనే అనుకోవాలి.

ఇత్తడి సంగతి వినండి! తూటా డొల్లకు వాడే ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, మిగతాది జింకు. ఎందుకీ కొలత? సాగాలి, కానీ చిరగకూడదు! పెంబర్తి పనివాళ్ళను అడగండి. కొడితే ఇత్తడి బిగుస్తుంది. కాలిస్తే మెత్తబడుతుంది. తూటా తయారీలోనూ ఇదే సూత్రం! మూతిని కాల్చి మెత్తబరుస్తారు. అడుగును మాత్రం బిగుతుగానే ఉంచుతారు!

సైన్యం తూటా మూతి దగ్గర నీలం, గోధుమరంగు మరక చూశారా? మురికి కాదది! కాల్చి మెత్తబరిచిన గుర్తు. మామూలు జనానికి అమ్మే తూటాల మీద ఆ మరకను తోమేస్తారు. సైన్యం మాత్రం అలాగే ఉంచమంటుంది! తనిఖీ చేసేవాడికి ఆ మరకే సాక్ష్యం! అడుగు బిగుతుగానే ఉండాలి కాబట్టి, ప్రైమర్ ఊడటం లేదని దాన్ని మంట మీద పెట్టకండి. మెత్తబడిన అడుగు పీడనాన్ని తట్టుకోలేదు! బ్రిటిష్ వాళ్ళ పాత .303 రైఫిల్ తూటాలో ఆ పీడనం ఎంతో వింటే నోరు తెరుస్తారు. గాలి మన మీద మోపే ఒత్తిడికి దాదాపు 3,600 రెట్లు!

మన దేశంలోనే జరిగిన వింత ఒకటి చెప్తా! నాకు ఇందులో అన్నింటికన్నా నచ్చింది ఇదే! బ్రిటిష్ కాలంలో వానాకాలం వచ్చిందంటే తూటాలు వాటంతటవే పగిలేవి! ఎవరూ కాల్చలేదు. ఎవరూ కొట్టలేదు. ఊరికే పెట్టెలో ఉండి పగుళ్ళు! దొంగ ఎవరో తెలుసా? గుర్రం! వానల్లో పోరాటాలు ఆగితే తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా గాలి లేచేది. ఆ గాలి, ఆ తేమ, లోపల బిగుసుకున్న ఇత్తడి! మూడూ కలిస్తే పగుళ్ళే! ఈ గుట్టు రట్టయింది 1921లో! శాస్త్రవేత్తలు రాసిన వ్యాసంతో లోకానికి తెలిసింది. మందు కూడా దొరికింది. డొల్లను కాస్త కాల్చి లోపలి బిగువు తగ్గించడమే! పైన చెప్పిన ఆ మరక గుర్తుందా? ఇదిగో, దాని ఉపకారం ఇదీ!

అందుకే ఖాళీ డొల్లలను అమ్మోనియా ఉన్న పాలిష్‌తో తోమకూడదు! మరి దేంతో? పులుపుతో! రీలోడింగ్ చేసేవాళ్ళు వేడినీళ్ళలో నిమ్మ ఉప్పు వేసి డొల్లలను కడుగుతారు. సన్నటి స్టీలు సూదుల్ని కలిపి, డబ్బాలో పోసి గిరగిరా తిప్పుతారు. ఆ సూది ఒక్కొక్కటి సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం! గుంట మూలల్లోకి కూడా దూరి మసి గీకేస్తుంది! మనింట్లో ఇత్తడి బిందెను చింతపండుతో తోమడం తెలిసిందే కదా. అక్కడా పని చేసేది పులుపే!

మసిలో సీసం ఉంటుందని తెలుసా? ప్రైమర్ పేలినప్పుడు వచ్చే రేణువుల్లో 3 మూలకాలు ఉంటాయి. సీసం, బేరియం, ఆంటిమొనీ! ఈ మూడూ ఒకే రేణువులో కనిపిస్తే ఫోరెన్సిక్ నిపుణుడి కళ్ళు మెరుస్తాయి. తుపాకీ కాల్చిన చెయ్యి ఇదేనేమో! ప్రైమర్లు ఊడదీసినవాళ్ళు చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు. సీసం ఒంట్లో చేరితే బయటికి పోవడం కష్టం!

సూది గుద్దిన గుర్తు కూడా మాట్లాడుతుంది! ఒక తుపాకీ సూది ప్రైమర్ మీద వేసే ముద్ర ఇంకో తుపాకీ వేయదు. 1929లో షికాగోలో ప్రేమికుల రోజున ఏడుగురిని కాల్చి చంపారు. అక్కడ దొరికిన ఖాళీ డొల్లలు 70! కాల్విన్ గొడార్డ్ అనే నిపుణుడు వాటిని సూక్ష్మదర్శినిలో చూశాడు. ఏ తుపాకులు పేల్చాయో చెప్పేశాడు! మన హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలోనూ తుపాకులు, తూటాల పరీక్షలు జరుగుతాయి. నేరం జరిగినచోట దొరికిన డొల్ల ప్రైమర్‌ను తీసేస్తే సాక్ష్యం పోయినట్టే!

ఇప్పుడు రెండు దేశాల వింత! ప్రైమర్ రెండు రకాలు. ఒకటి బాక్సర్. రెండోది బెర్డన్. బాక్సర్ ఇంగ్లండు సైనికాధికారి. బెర్డన్ అమెరికా సైనికాధికారి. ఇద్దరూ 1866 ప్రాంతంలోనే తమ తమ పద్ధతులు కనిపెట్టారు. తమాషా ఏంటంటే, ఇంగ్లండు వాడి ప్రైమర్‌ను అమెరికా తీసుకుంది! అమెరికా వాడి ప్రైమర్‌ను ఐరోపా తీసుకుంది! పిల్లలు మారిపోయారు!

రెండింటికీ తేడా ఎక్కడో తెలుసా? చిల్లుల్లో! బాక్సర్‌కు మధ్యలో ఒకటే చిల్లు. సూది నేరుగా దిగుతుంది. బెర్డన్‌కు పక్కల్లో 2 చిల్లులు! మధ్యలో ఇత్తడి మొన నిలబడి ఉంటుంది. పైనుంచి దింపిన సూది ఆ మొనకు గుద్దుకుని విరుగుతుంది! మన .303 డొల్లలు ఎక్కువగా ఇలాంటివే. పైగా వాటికి నొక్కు కూడా! మొండితనం రెట్టింపు!

.303 తూటాలు తయారైన ఒక చోటు మన పక్క రాష్ట్రంలోనే! పుణె దగ్గర ఖడ్కీలో ఆయుధ కర్మాగారం 1869లో పుట్టింది! అక్కడి తూటాల అడుగున కేఎఫ్ అనే అక్షరాలు కనిపిస్తాయి. ఎవరి దగ్గరైనా పాత డొల్ల ఉంటే తిప్పి చూడండి. ఆ అక్షరాలు ఉంటే అది పుణె నీళ్ళు తాగిన ఇత్తడి!

మరి బెర్డన్ ప్రైమర్‌ను ఊడదీసేదెలా? నీళ్ళతో! నమ్మలేకపోతున్నారా? డొల్ల నిండా నీళ్ళు పోస్తారు. మూతికి సరిగ్గా సరిపోయే కడ్డీ పెట్టి సుత్తితో కొడతారు. నీళ్ళు ఒత్తిడికి కుంచించుకోవు కదా! 2 చిల్లుల్లోంచి దూసుకుపోయి ప్రైమర్‌ను బయటికి తోసేస్తాయి! చుట్టూ తడి, ప్రైమర్ బయట! నొక్కు మరీ గట్టిదైతే అదీ కుదరదు. అప్పుడు కొక్కెంలాంటి పనిముట్టుతో బిళ్ళను గుచ్చి పెకిలిస్తారు!

ఒక్క మాట! ఇవన్నీ కాల్చేసిన ప్రైమర్ల సంగతి. కాలని ప్రైమర్‌ను సుత్తితో కొట్టడం అంటే బాంబుతో ఆడుకోవడమే! నూనె పోస్తే చచ్చిపోతుంది అంటారు కొందరు. నమ్మకండి! నూనెలో నానిన ప్రైమర్ కూడా ఎండాక పేలొచ్చు! తిమ్మాజిపేట చుట్టుపక్కల పొలం దున్నుతుంటే పాత తూటా కనిపించిందా? కొట్టొద్దు, కోయొద్దు, పాతసామాను కొట్లో అమ్మొద్దు. 112కి ఫోన్ చేయండి! పోలీసులే చూసుకుంటారు.

పాత సైనిక ప్రైమర్ కాలితే ఉప్పు పుడుతుంది! అవును, ఉప్పే! అది తుపాకీ గొట్టంలో పేరుకుని గాలిలోని తేమను పీలుస్తుంది. తెల్లారేసరికి తుప్పు! నూనె రాస్తే పోదు. నీళ్ళతోనే పోతుంది! అందుకే నాటి సిపాయిలు రైఫిల్ గొట్టంలో మరిగే నీళ్ళు పోసి కడిగేవారు. జర్మనీవాళ్ళు తుప్పు పట్టించని ప్రైమర్‌ను తెచ్చారు. సైన్యాలు మాత్రం చాలా ఏళ్ళు పాతదాన్నే పట్టుకుని కూచున్నాయి!

.303 తూటాలో ఇంకో మాయ ఉంది! లోపలి మందు పొడి కాదు. సన్నటి నూలు పోగుల్లాంటి కార్డైట్! పోగుల కట్ట పొడవుగా, లావుగా ఉంటుంది. సన్నటి మూతిలోంచి దూరదు. ఏం చేశారో తెలుసా? డొల్ల గొట్టంలా తిన్నగా ఉన్నప్పుడే కట్టను దింపేవారు. ఆ తర్వాతే మెడ నొక్కి సన్నం చేసేవారు! మందు ముందు, మెడ తర్వాత! ఈ కార్డైట్ కోసమే నీలగిరుల్లోని అరువంకాడులో కర్మాగారం పెట్టారు. అది 1903 నాటిది! ఇప్పటికీ ఉంది!

హైదరాబాద్ రౌతులు .303 పట్టుకుని ఎక్కడిదాకా వెళ్ళారో తెలుసా? పాలస్తీనా దాకా! మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు అక్కడ గుర్రాల మీద తిరిగారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో 3 విగ్రహాలు నిలబడి ఉన్నాయి. ఒకటి జోధ్‌పూర్‌కు, ఒకటి మైసూరుకు, ఒకటి మన హైదరాబాద్‌కు! ఈసారి ఢిల్లీ వెళ్తే మనవాడికి ఓ నమస్కారం పెట్టి రండి!

ఈ .303 ఎంత మొండిదంటే, 1880ల్లో పుట్టి మన కాలం దాకా బతికింది! ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు పలికింది ఎప్పుడో తెలుసా? 2020 గణతంత్ర దినోత్సవం నాడు! మన తాతలు చూసిన రైఫిల్‌ను మన పిల్లలూ చూశారు!

దానికన్నా చాలా ముందు తూటాకి ఇత్తడి డొల్లే లేదు! కాగితం పొట్లం! పళ్ళతో కొరికి చింపి, మందు గొట్టంలో పోసేవారు. ప్రైమర్ విడిగా ఉండేది. చిన్న రాగి టోపీ! తుపాకీ మీది మొనకు దాన్ని తొడిగి కాల్చేవారు. ఆ పొట్లానికి పూసిన కొవ్వు దేశాన్నే మండించింది! ఆ మంట హైదరాబాద్‌నూ తాకింది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని రెసిడెన్సీ మీద పడ్డారు. అది 1857 జులై 17!

ఇంతకీ ప్రైమర్ ఆలోచన మొదట ఎవరికొచ్చింది? చర్చి పాస్టర్‌కు! స్కాట్లండ్‌లో ఫోర్సైత్ అనే ఫాదరీ ఉండేవాడు. పిట్టల వేట ఆయన సరదా. చెకుముకిరాయి తుపాకీలో ముందు మెరుపు, తర్వాత మోత. మెరుపు చూడగానే పిట్ట తుర్రుమనేది! దెబ్బ తగిలితే అంటుకునే మందు వాడితే ఎలా ఉంటుంది? అలా ఆలోచించి పేటెంట్ పట్టేశాడు, 1807లో! పిట్టల కోసం పుట్టిన ఆలోచన ప్రపంచ సైన్యాలన్నిటినీ మార్చేసింది!

     

కొన్ని రైఫిళ్ళలో కాల్చకముందే ప్రైమర్ మీద గాటు పడుతుంది! ఏఆర్-15 రకం రైఫిల్‌లో సూదికి వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. తూటా గొట్టంలోకి ఎక్కేటప్పుడు ఆ ఊపుకి సూది ముందుకొచ్చి ప్రైమర్‌ను మెల్లగా ముద్దాడుతుంది. చిన్న చుక్క పడుతుంది! మెత్తటి ప్రైమర్ అయితే అక్కడే పేలిపోవచ్చు. అందుకే సైనిక రైఫిళ్ళకు గట్టి ప్రైమర్ కావాలి. సీసీఐ కంపెనీ అలాంటిదాన్ని 41వ నంబరు పేరుతో అమ్ముతుంది! రీలోడింగ్ చేసేవాళ్ళు ఆ నంబరు చూసి కొంటారు. మొండి నొక్కు వదిలించి, మెత్తటి ప్రైమర్ పెడితే కష్టమంతా వృథా, పైగా ప్రమాదం!

అయస్కాంతం తూటాకి అంటుకుంటుందా? ఇత్తడికి అంటుకోదు! కానీ ఏకే-47 తూటాల్లో చాలావాటికి ఠక్కున అంటుకుంటుంది. వాటి డొల్ల ఉక్కుతో చేసింది. పైన రంగో, పూతో! రష్యావాళ్ళు ఆ తూటాను రూపొందించింది 1943లో! వాటి ప్రైమర్ ఎక్కువగా బెర్డన్. రీలోడింగ్ చేసేవాళ్ళు ఇలాంటివాటిని చూసి పక్కన పెట్టేస్తారు!

యుద్ధవిమానాల తుపాకీ నిమిషానికి 6,000 గుండ్లు కక్కుతుంది! ఎం61 వల్కన్ అనే ఆ తుపాకీలో సూది కొట్టే పనే లేదు. కరెంటు! ప్రైమర్‌కు కరెంటు తగలగానే అంటుకుంటుంది! సూది దెబ్బ కోసం ఆగే తీరిక దానికి లేదు!

మరి ప్రైమర్ బిళ్ళే లేని తూటా ఉంటుందా? ఉంది! మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో కాల్చేది అదే! .22 తూటా! అడుగున ఎక్కడ వెతికినా బిళ్ళ కనబడదు. మందు డొల్ల అంచు మడతలో దాగి ఉంటుంది! సూది అంచును కొడుతుంది. అంచు నలగగానే పేలుతుంది! ఆ డొల్లను మళ్ళీ వాడే పని లేదు. ఊడదీయడానికి ప్రైమరే లేదు కదా! హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె తెచ్చిన పతకాలు 4! ఒక స్వర్ణం, మూడు రజతాలు!

మందే లేకుండా ఒలింపిక్ పతకం తెచ్చినవాడూ మనవాడే! గగన్ నారంగ్! హైదరాబాద్‌లో పెరిగాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ రైఫిల్‌లో ప్రైమర్ లేదు. మందు లేదు. డొల్ల లేదు. బిగించి పెట్టిన గాలి ఒక్కటే! ఎదుట లక్ష్యం మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క అడ్డుకొలత 0.5 మిల్లీమీటరు! దాన్ని గాలితో కొట్టాడు!